ఒకే నది మీద మూడు హైడ్రో ప్లాంట్లు: వాటా తీసుకోవచ్చా?

నీలిగట్టు:

అందరికీ నమస్కారం. కరెంటు గురించి నాకు తెలిసింది తక్కువ, నదుల గురించి ఇంకా తక్కువ. అందుకే మొహమాటం లేకుండా అడుగుతున్నాను.

మా అన్నయ్య స్నేహితులు కొందరు ఒక చిన్న జలవిద్యుత్ కంపెనీలో వాటా కొంటున్నారు. నన్నూ కలవమంటున్నారు. నేను పెట్టాల్సింది ఇరవై ఏళ్లుగా దాచుకున్నదాంట్లో దాదాపు సగం. రెండు వారాలుగా ఇదే టెన్షన్.

కంపెనీ ప్లాంట్లన్నీ ఒకే నది పరీవాహక ప్రాంతంలో ఉన్నాయి. పై ప్లాంట్ 9 మెగావాట్లది. సెకనుకు 9 ఘనపు మీటర్ల నీళ్లు 120 మీటర్ల ఎత్తు నుంచి దిగుతాయి. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దిగువన రెండోది, 10 మెగావాట్లు. దానికి ఎత్తు 100 మీటర్లు, నీళ్లు 12 ఘనపు మీటర్లు. ఈ రెండూ నడుస్తున్నాయి. మూడోది ఒక ఉపనది మీద ఇంకా కట్టాలి. అది 5 మెగావాట్లు, ఎత్తు 200 మీటర్లు, నీళ్లు 3 ఘనపు మీటర్లు. పెద్ద జలాశయం ఎక్కడా లేదు. చిన్న అడ్డుకట్ట వేసి నీళ్లను కాలువలోకి మళ్లిస్తారు. అక్కణ్నుంచి పైపులో దింపి, మళ్లీ నదిలోకే వదిలేస్తారు.

మూడూ కలిపి ఏడాదికి 12.6 కోట్ల యూనిట్లు వస్తాయని రిపోర్టులో ఉంది. అంటే పీఎల్‌ఎఫ్ (ఏడాదంతా పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చేదాంట్లో నిజంగా వచ్చే భాగం) 60 శాతం. నదిలో నీళ్లను ఏడేళ్లు కొలిచి, ఆ సగటుతో లెక్క కట్టారట. పైన ఎప్పుడూ మంచుండే కొండలు కాబట్టి నది ఎండిపోయే ప్రసక్తే లేదంటున్నారు. "ఒక ప్లాంట్ ఆగినా మిగతా రెండూ నడుస్తాయి, రిస్క్ మూడు ముక్కలైనట్టే" అన్నది వాళ్ల మాట. నాకూ సబబుగానే అనిపించింది. ఇంధనం కొనక్కర్లేదు, బొగ్గు తవ్వక్కర్లేదు.

ఇలాంటి వాటిలో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే, నేను ఏం చూడాలో, ఏం అడగాలో చెప్పండి.

పవర్‌హౌస్_పాతకాపు:

దాచుకున్నదాంట్లో సగం అన్నారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి. మంచు కొండల నుంచి దిగే ఒక నది మీద, సరిగ్గా మీరు చెప్పిన లాంటి ప్లాంట్లలోనే ఇరవై ఆరేళ్లు చేశాను. షిఫ్ట్ ఇంజనీర్‌గా చేరి, మెయింటెనెన్స్ విభాగంలో రిటైరయ్యాను. డబ్బు లెక్కలు ఇక్కడ వేరేవాళ్లు నాకంటే బాగా చెబుతారు. నేను నీళ్ల సంగతి చెబుతాను.

ముందు మీరిచ్చిన అంకెలు. నీటి పరిమాణాన్ని ఎత్తుతోనూ, 9.81తోనూ గుణించి, నష్టాల కింద ఓ 15 శాతం తీసేస్తే కిలోవాట్లు వస్తాయి. పై ప్లాంట్‌కు అలా చేస్తే 9,000 వచ్చింది. మిగతా రెండూ సరిపోయాయి. సామర్థ్యం దగ్గర పేచీ లేదు.

కానీ ఆ మూడు నీటి అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. పై ప్లాంట్‌కు 9, ఉపనదికి 3, కింది ప్లాంట్‌కు 12. తొమ్మిదీ మూడూ పన్నెండు. నా అంచనా, ఆ ఉపనది ఈ రెండు ప్లాంట్ల మధ్యన నదిలో కలుస్తుంది. అదే నిజమైతే పైన ఉన్న రెండూ వాడి వదిలిన నీళ్లతోనే కిందది నడవాలి. మ్యాప్ తెప్పించుకుని చూడండి.

"ఒకటి ఆగినా రెండు నడుస్తాయి" అన్న మాట యంత్రం చెడిపోయినప్పుడు చెల్లుతుంది. బేరింగ్ పోయింది, ట్రాన్స్‌ఫార్మర్ కాలింది, అలాంటప్పుడు. నేను చూసినంతలో ప్లాంట్లను నిజంగా కుంగదీసేది నీటి కొరత. అది వస్తే ఒక్కదానికే రాదు. వాన కురవని ఏడు, మంచు పడని ఏడు మూడింటికీ ఒక్కటే.

ఇది దేశాలకే తగిలిన దెబ్బ. జాంబియా కరెంటులో చాలా భాగం నీళ్ల మీదే వస్తుంది. అక్కడి పెద్ద స్టేషన్లు కరిబా, కాఫ్యూ గోర్జ్ పేరుకు వేర్వేరు. కరిబా జింబాబ్వే సరిహద్దులో జాంబెజీ నది మీద, రెండోది కాఫ్యూ నది మీద. కాఫ్యూ కూడా చివరికి జాంబెజీలో కలిసేదే. 2022 నవంబరులో కరిబాలో వాడుకోదగ్గ నిల్వ 5 శాతం లోపుకు పడిపోయి, జింబాబ్వే వైపు స్టేషన్‌ను ఉత్పత్తి ఆపమని జాంబెజీ నది అథారిటీ చెప్పాల్సి వచ్చింది. 2024లో మళ్లీ కరవు, జాంబియా జాతీయ విపత్తు ప్రకటించింది. చైనాలో సిచువాన్ ప్రావిన్స్ కరెంటు 80 శాతం దాకా నీళ్లదే. 2022 ఆగస్టులో, నదులు నిండుగా పారాల్సిన రోజుల్లో, అక్కడ ఫ్యాక్టరీలకు కరెంటు ఆపేశారు. అన్ని ప్లాంట్లున్న చోటే అలా అయింది.

ఇక నేను గట్టిగా చెప్పదలచుకున్నది పూడిక గురించి. దీని మీద రిపోర్టుల్లో ఒక పేజీ ఉంటుంది, పవర్‌హౌస్‌లో బతుకంతా దీనితోనే.

ఒక రాత్రి సంగతి. ఆగస్టు నెల, నాది నైట్ డ్యూటీ. మా పైన వేరే యజమానిది ఒక స్టేషన్ ఉండేది, పేరు వద్దు. అర్ధరాత్రి దాటి రెండింటికి అడ్డుకట్ట దగ్గరుండే కుర్రాడు ఫోన్ చేసి "సార్, నీళ్లు చిక్కబడ్డాయి" అన్నాడు. గంట గంటకీ గాజు కోనులో లీటరు నీళ్లు పోసి, అడుగున ఎంత ఇసుక దిగిందో చూసి రాయడం అతని పని. ఒంటి గంటకు చూసినప్పుడు కోను మొనలో చిటికెడు. రెండింటికి రెండు వేళ్ల ఎత్తు. పైవాళ్లు తమ పూడిక గేట్లు ఎత్తి, చెరువులో పేరుకున్నదంతా ఒక్కసారిగా కిందికి కడిగేశారు. మాకు ముందు చెప్పలేదు. నేను పైకి ఫోన్లు చేసి, అనుమతి తీసుకుని మెషిన్లు ఆపేసరికి నలభై నిమిషాలు. అప్పటిదాకా ఆ బురదంతా మా టర్బైన్లలోంచే పోయింది. ఆ సీజన్‌లో అలా ఐదారుసార్లు జరిగింది.

వానలు వెనకబట్టాక రన్నర్‌ను, అంటే టర్బైన్‌లో నీళ్ల తాకిడికి తిరిగే బ్లేడ్ల చక్రాన్ని, బయటికి తీశాం. కొత్త రన్నర్ బ్లేడు మీద చెయ్యి వేస్తే గాజులా జారుతుంది. దీని మీద చెయ్యి వేస్తే చేప పొలుసుల మీద వెనక్కి రాసినట్టు గరగరలాడింది. నీళ్లు బయటికి పోయే వైపు అంచు కాగితంలా పలచబడి, రెండు చోట్ల కొరికినట్టు ఊడిపోయి ఉంది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ రన్నర్ స్టీలు కంటే గట్టిది, అంతే కారణం. పూడిక తొట్టెల్లో సుమారు 0.2 మిల్లీమీటర్ల కంటే పెద్ద రేణువుల్నే పట్టగలుగుతారు. అంతకంటే సన్నది యంత్రంలోంచి పోవాల్సిందే. ఆ ఏడు వెల్డింగ్‌కే రెండు నెలలు పట్టింది. మళ్లీ బిగించాక కూడా అవే నీళ్లకు పాత కరెంటు రాలేదు.

సట్లెజ్ మీద నాథ్పా ఝాక్రి 1,500 మెగావాట్ల స్టేషన్. నీటిలో పూడిక 5,000 పీపీఎం (పది లక్షల భాగాల్లో 5,000 భాగాలు) దాటితే దాన్నే ఆపేస్తారు. దాని కింద రాంపూర్, 412 మెగావాట్లు, నాథ్పా వదిలిన నీళ్లనే సొరంగంలోకి నేరుగా తీసుకుంటుంది. అందువల్ల దానికి ఒకసారి పూడిక తీసిన నీళ్లు అందుతాయి, అది లాభం. పైది ఆగితే కిందదీ ఆగుతుంది, అది నష్టం. మీ కింది ప్లాంట్ ఏ రకమో కనుక్కోండి. పై ప్లాంట్ వదిలిన నీళ్లను నేరుగా పట్టుకుంటుందా, నదిలో కలిశాక మళ్లీ అడ్డుకట్ట దగ్గర తీసుకుంటుందా?

ఇవీ అడగండి: రన్నర్లు ఎన్నాళ్లకోసారి తీసి బాగుచేస్తున్నారు? స్పేర్ రన్నర్ ఉందా? ఒక్కో ప్లాంట్‌లో మెషిన్లు ఎన్ని, ఏ రకం? డిసెంబరు నుంచి మార్చి దాకా నెలవారీ సగటు నీళ్లెంత? మంచు కొండల నదికి అసలు గడ్డుకాలం చలికాలం. పైన మంచు గడ్డకట్టి ఉంటుంది, కరగదు.

లెక్కలపుస్తకం:

పాతకాపు గారు చెప్పినదానికి డబ్బు వైపు నుంచి నాలుగు మాటలు. కరెంటు ప్రాజెక్టులకు అప్పులిచ్చే చోట కాగితాలు పరిశీలించడం నా ఉద్యోగం.

"ఏడేళ్ల సగటు" అని చదవగానే నేను ఆగిపోయాను. సగటు ఏడాది మీద లెక్క కడితే సగం ఏళ్లలో అంతకంటే తక్కువే వస్తుందని ముందే ఒప్పుకున్నట్టు. మన దేశంలో కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ నిబంధనల్లో హైడ్రో స్టేషన్ డిజైన్ ఎనర్జీని, అంటే ఏడాదికి ఇంత కరెంటు వస్తుందని పెట్టుకునే లెక్కను, 90 శాతం భరోసా ఉన్న ఏడాదికి కడతారు. అంటే పదేళ్లలో తొమ్మిదేళ్లు కనీసం అన్ని నీళ్లు వస్తాయనుకోగల ఏడాది. అప్పు ఇచ్చేవాళ్లు చూసేదీ ఆ రకం లెక్కే. ఏడేళ్ల కొలతల్లో పదేళ్లకోసారి వచ్చే చెడ్డ ఏడు అసలు ఉండకపోవచ్చు కూడా. చుట్టుపక్కల వానమాపక కేంద్రాల పాత రికార్డులతో ఆ ఏడేళ్లను ముప్పై నలభై ఏళ్లకు సాగదీసి చూపమనండి. అది ప్రతి హైడ్రాలజిస్టూ చేయగలిగిన పనే. చేయలేదంటే ఎందుకు చేయలేదో అడగండి.

అప్పు వాయిదా ఏడాది పొడవునా కట్టాలి. నది మాత్రం ఐదారు నెలల్లోనే సంపాదించి పెడుతుంది. ఆ డబ్బులో చలికాలం వాయిదాల కోసం విడిగా తీసి పెట్టే ఖాతా ఉందా? ఆ ఖాతాలో చెయ్యి పెట్టకుండానే వాటాదారులకు లాభం పంచుతున్నారా? గత ఐదేళ్ల బ్యాలెన్స్ షీట్లలో తెలిసిపోతుంది.

మూడు ప్లాంట్ల కరెంటూ ఒకే లైను మీద బయటికి వెళ్తోందేమో చూడండి. కొండచరియ విరిగి ఒక్క టవర్ పడినా మూడూ మూతపడతాయి. చాలా చోట్ల లైసెన్సు గడువు తీరాక ప్లాంటు ప్రభుత్వపరం అవుతుంది. నడుస్తున్న రెండింటికి ఇంకెన్నేళ్లు మిగిలాయో ఒప్పందంలో చదవండి, మాట మీద నమ్మకండి.

కట్టని ప్లాంట్‌కు కట్టిన ప్లాంట్ ధర ఇవ్వొద్దు. కొండ లోపల రాయి ఎలా ఉందో తవ్వేదాకా పూర్తిగా తెలియదు. ఆ తవ్వకంలో ఒక ఏడాది ఆలస్యమైతే, ఆ ఏడాది కూడా వడ్డీ ఆగదు.

ఒడ్డున_ఇల్లు:

నేను టీచర్‌ని. పెట్టుబడుల గురించి నాకు తెలియదు. కానీ మా ఇల్లు ఇలాంటి ఒక ప్లాంట్‌కు దిగువన, నది ఒడ్డునే. ఒక మాట చెప్పాలనిపించింది.

అడ్డుకట్ట నుంచి పవర్‌హౌస్ దాకా నీళ్లు పైపులో పోతాయి కదా, ఆ మధ్యలో నది ఏమవుతుందో దయచేసి వెళ్లి చూడండి. మా దగ్గర మూడు కిలోమీటర్లు. చలికాలంలో అక్కడ రాళ్లు, మధ్యలో అక్కడక్కడా గుంటలు. ఆ గుంటల్లో చిక్కుకున్న చిన్న చేపల్ని మా స్కూలు పిల్లలు డబ్బాల్లో పట్టి కిందికి తీసుకెళ్లి వదిలేవాళ్లు. ఎంత నీరు వదలాలో రూలు ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎగువ గంగకు 2018లో వచ్చిన ఉత్తర్వులో నెలవారీ సగటు నీళ్లలో నవంబరు నుంచి మార్చి వరకు 20 శాతం, అక్టోబరు, ఏప్రిల్, మే నెలల్లో 25 శాతం, జూన్ నుంచి సెప్టెంబరు వరకు 30 శాతం నదిలోనే వదలాలని ఉంది. మీ నదికి ఏ రూలు వర్తిస్తుందో, రిపోర్టులో ఆ నీళ్లు తీసేశాకే యూనిట్లు లెక్కపెట్టారో లేదో అడగండి. ఆ నీళ్లు కంపెనీవి కావండీ.

ఇంకొకటి. ప్లాంట్ ఏ కారణంగానైనా ఒక్కసారిగా ఆగితే పైపులో పోవాల్సిన నీళ్లన్నీ నదిలోకి వస్తాయి. అప్పటిదాకా మోకాలి లోతు కూడా లేని చోట. 2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నదిలో ఫోటోలు తీసుకుంటున్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. పైనున్న లార్జీ డ్యామ్ నుంచి నీళ్లు వదిలారు. ఆ వీడియో చూసినవాళ్లెవరూ మర్చిపోలేరు. సైరన్ ఉందా, మోగించాక ఎన్ని నిమిషాలు ఆగి గేట్లెత్తుతారు, ఒడ్డున నిలబడితే ఆ సైరన్ నిజంగా వినిపిస్తుందా, ఇవి మీ ప్రశ్నల్లో మొదట ఉండాలి. మీరు వాటాదారు అయితే ఆ గేట్లలో మీకూ వాటా ఉన్నట్టే.

నీలిగట్టు:

ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. అడిగినవాటిలో కొన్నింటికి జవాబులు వచ్చాయి.

ఉపనది కలిసేది రెండు ప్లాంట్ల మధ్యనే, పాతకాపు గారూ. మీరు కూడికతో పట్టేశారు. కింది ప్లాంట్ నీళ్లు తీసుకునేది నదిలో వేరే అడ్డుకట్ట దగ్గర. రెండింటిలోనూ రెండేసి ఫ్రాన్సిస్ టర్బైన్లు. స్పేర్ రన్నర్ ఒకటే ఉంది, పై ప్లాంట్‌ది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో సగటున పై ప్లాంట్ దగ్గర 2.1 ఘనపు మీటర్లు, ఉపనదిలో 0.6. రిపోర్టులో ఆ 2.1 మొత్తాన్నీ కరెంటు కిందే లెక్కేశారు. కింది ప్లాంట్‌కు 2.7. నదికి వదలాల్సింది 20 శాతమట. అది ఎక్కడా తీసేసినట్టు లేదు. అడిగితే "చలికాలం నీళ్లు ఎలాగూ తక్కువే కదా, పెద్ద తేడా రాదు" అన్నారు. లైను ఒక్కటే.

పైన మంచు కొండల్లో సరస్సులున్నాయా అని కూడా అడిగాను. ఉన్నాయన్నారు, ఎన్నో, ఎంతవో చెప్పలేదు.

పవర్‌హౌస్_పాతకాపు:

"పెద్ద తేడా రాదు" అన్న చోటే చూద్దాం, కాగితం తీసుకోండి.

2.1లో 20 శాతం నదికి వదిలితే 1.68 మిగులుతుంది. పై ప్లాంట్‌లో రెండు మెషిన్లు, ఒక్కోదానికి 4.5. ఫ్రాన్సిస్ టర్బైన్‌కు దాని పూర్తి నీళ్లలో సుమారు 40 శాతమైనా ఇవ్వాలి. అంతకంటే తక్కువైతే గడగడా కంపిస్తుంది, లోపల గుంటలు పడతాయి, ఏ ఆపరేటరూ నడపడు. 4.5లో 40 శాతం 1.8. మీ దగ్గరున్నది 1.68. మెషిన్ ఆగిపోతుంది. కొంచెం తక్కువ కరెంటు రావడం కాదండీ, సున్నా.

కింద 2.7లో 20 శాతం పోతే 2.16. అక్కడ ఒక్కో మెషిన్ 6, దానికి కనీసం 2.4. అదీ సున్నా. పెల్టన్ అనే ఇంకో రకం టర్బైన్ అయితే ఇంకా చాలా తక్కువ నీళ్లతో తిరిగేది గానీ, మీవి అవి కావు. సగటుకు పైన ఉండే రోజుల్లో కాసేపు నడుస్తాయి, ఆ మేరకు సర్దుకోండి. రిపోర్టు ప్రకారం ఆ రెండు నెలల్లో పైదాని నుంచి దాదాపు 30 లక్షల యూనిట్లు, కిందదాని నుంచి 32 లక్షలు రావాలి. ఏడాది మొత్తంలో 5 శాతం. ఇది రెండు నెలల మాటే. డిసెంబరు, మార్చి ఇంకా చూడలేదు. మిగతా పది నెలల్లో నదికి వదలాల్సిన నీళ్లూ చూడలేదు. చలికాలంలో కరెంటుకు గిరాకీ ఎక్కువైతే ఆ యూనిట్ల విలువ ఇంకా పెరుగుతుంది.

ఇప్పుడు సరస్సుల సంగతి. ఇది రాయడం నాకు కష్టంగా ఉంది.

2021 ఫిబ్రవరి 7న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో కొండ మీది నుంచి రాయి, మంచు విరిగిపడి రిషిగంగ మీదున్న 13.2 మెగావాట్ల ప్లాంట్ తుడిచిపెట్టుకుపోయింది. దాదాపు మీ ప్లాంట్ల సైజే. అదే వరద కిందికి వెళ్లి, కడుతున్న తపోవన్ విష్ణుగాడ్ ప్లాంట్ సొరంగాల్లోకి దూరింది. చనిపోయినవాళ్లు, దొరకనివాళ్లు కలిపి రెండు వందలు దాటారు. సొరంగంలో ఉన్నవాళ్లు నాలాంటి పనివాళ్లు. 2023 అక్టోబరు 4 తెల్లవారకముందే సిక్కింలో దక్షిణ ల్హోనక్ సరస్సు తెగి, చుంగ్‌థాంగ్ దగ్గర 60 మీటర్ల ఎత్తున్న తీస్తా-3 డ్యామ్‌ను కొట్టుకుపోయింది. 1,200 మెగావాట్ల ప్లాంట్, 2017లో మొదలైంది, ఆరేళ్లకే. ఆ నీళ్లు అక్కడితో ఆగలేదు, దిగువన ఉన్న తీస్తా-5నూ దెబ్బతీశాయి. ఒకే నది మీద ఉన్నవాటికి వరద కూడా ఉమ్మడే.

కాబట్టి పైనున్న ప్రతి సరస్సు ఎంతుంది, ఏటా పెరుగుతోందా, దాన్ని అడ్డుకున్నది రాయా వదులు మట్టా అన్నది కంపెనీ దగ్గర కాగితం మీద ఉండాలి. ఉపగ్రహ చిత్రాల్లో ఇది తెలుస్తుంది. హెచ్చరిక పరికరం పైన పెట్టారా, అది మోగితే పవర్‌హౌస్‌లో ఉన్నవాళ్లు ఎన్ని నిమిషాల్లో పైకి ఎక్కగలరు అన్నదీ అడగండి. "ఉన్నాయి, ఎన్నో తెలియదు" అనే కంపెనీకి నేనైతే నా డబ్బు ఇవ్వను. అంతకంటే ముందు అక్కడ నా కొడుకును నైట్ డ్యూటీకి పంపను.

ఇంత చెప్పాక ఒకే నదిలో పెట్టుబడి పెట్టడమే తప్పని అనుకోకండి. సరిగ్గా చేస్తే లాభం కూడా నది పొడవునా పంచుకోవచ్చు. కొలంబియా నది మీద కెనడా పైన డ్యాములు కట్టి నీళ్లు ఆపి వదిలితే, కింద అమెరికా ప్లాంట్లలో కరెంటు పెరిగింది. 1964లో అమల్లోకి వచ్చిన ఒప్పందంలో ఆ పెరిగినదాంట్లో సగం కెనడాకే రాశారు. నార్వేలో గ్లొమ్మా నది మీద ప్లాంట్ల యజమానులంతా 1918 నుంచీ ఒకే సంఘంగా ఉండి, పైన నీళ్లు ఎప్పుడు ఆపాలి, ఎప్పుడు వదలాలి అన్నది కలిసి చూసుకుంటున్నారు. నా నైట్ డ్యూటీ రోజుల్లో మా పైవాళ్లతో అలాంటి ఒప్పందం ఒక్క కాగితం మీద ఉన్నా ఆ రన్నర్ బతికేది. మీ మూడింటికీ యజమాని ఒక్కరే కావడం అందుకే మంచిది. పైన గేట్లు ఎత్తే ముందు కిందివాళ్లు మెషిన్లు ఆపుకోగలరు. ఆ పద్ధతి రాసి ఉందా, లాగ్‌బుక్‌లో రెండు ప్లాంట్ల టైములూ సరిపోతున్నాయా చూడండి. రేపు మూడింట్లో ఒకదాన్ని వేరేవాళ్లకు అమ్మితే ఆ సౌకర్యం పోతుంది. ఆ షరతు వాటా ఒప్పందంలో పెట్టించండి.

లెక్కలపుస్తకం:

5 శాతం తగ్గితే వాటాదారుకు 5 శాతం తగ్గుతుందని అనుకోకండి. వచ్చే ఆదాయంలోంచి ముందు అప్పు వాయిదా, నిర్వహణ ఖర్చు పోతాయి. అవి తగ్గవు. మిగిలేది కొద్ది, తగ్గుదల అంతా ఆ కొద్దిలోంచే పోతుంది. ఆదాయం 100 అనుకుని, 80 వాటికే పోతే మీ అందరికీ మిగిలేది 20. అందులోంచి 5 పోయాయంటే మీ వాటాలో పావు వంతు పోయినట్టు.

నీలిగట్టు:

ఆ పావు వంతు లెక్క అన్నయ్యకు ఫోన్‌లో చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "లాగ్‌బుక్ చూడకుండా ఎవరం సంతకం పెట్టొద్దు" అన్నాడు. ఇంకా కట్టాల్సినదాన్ని వదిలేసి, నడుస్తున్న రెండింటికే, నదికి వదిలే నీళ్లు తీసేసి, 90 శాతం భరోసా మీద కొత్త లెక్క ఇమ్మని కంపెనీకి రాశాం. సరస్సుల సర్వే, సైరన్ వివరాలు, పూడిక గేట్ల పద్ధతి కూడా అడిగాం. మూడు వారాలు టైమ్ కావాలన్నారు. ప్లాంట్ చూడ్డానికి అక్టోబరులో రమ్మన్నారు.

ఒడ్డున ఇల్లు గారూ, మధ్యలో నది ఎండిపోయే ఆ భాగం నేను నడిచి చూస్తాను. మాటిస్తున్నాను.

పవర్‌హౌస్_పాతకాపు:

అక్టోబరులో వద్దు. అప్పుడు నది నిండుగా, తేటగా ఉంటుంది. రెండు మెషిన్లూ తిరుగుతుంటాయి, ఏ ప్లాంట్ అయినా అందంగానే కనిపిస్తుంది. రెండుసార్లు వెళ్లండి. జనవరిలో ఒకసారి వెళ్లి, మెషిన్లు ఎన్ని గంటలు తిరిగాయో లాగ్‌బుక్‌లో చూడండి. ఆగస్టులో ఒకసారి వెళ్లి, అడ్డుకట్ట దగ్గర కోనులో నీళ్లు కొలిచే మనిషి పక్కన ఒక రాత్రి కూర్చోండి. అతను రాసుకునే పుస్తకం అడిగి చూడండి. పై ప్లాంట్ గేట్లు ఎత్తిన టైము ఆ పుస్తకంలో, వాళ్లు ముందుగా ఫోన్ చేసిన టైము పక్కన, రాసి ఉందేమో చూసి ఇక్కడ చెప్పండి. నేను ఎదురుచూస్తుంటాను.